కరెంటు పోతుందని ముందే తెలిసినవాడు

"ఆ స్విచ్చి నువ్వు దించినావా, ల్యాదా? ఆ ఒక్క మాట చెప్పు."

రత్నమణి వంటింటి గడపలో నిలబడి అడిగింది. మూడు రోజులుగా అడుగుతున్న ప్రశ్నే. నిన్నటిదాకా ఆ గొంతులో బతిమాలడం ఉండేది. ఈ ఉదయం అది లేదు.

దేవపాలు మంచం అంచున కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. తలెత్తలేదు.

"దించలేదని మొన్నే చెప్తి గదా."

"నా మొగం చూసి చెప్పు."

అతను లేచి నిలబడ్డాడు గానీ ఆమె ముఖం చూడలేదు. చొక్కా గుండీలు పెట్టుకోవడంలో మునిగిపోయాడు.

సోమవారం పదకొండు గంటల నలభై రెండు నిమిషాలకు జమ్మలమడుగు సబ్‌స్టేషన్ నుంచి చెనక్కాయల నూనె మిల్లుకు పోయే లైను ఆగిపోయింది. రేకుల కింద ఉక్క భరించలేక మిల్లు యజమాని పుల్లన్న బయటికొచ్చి గేటు బయట అరుగు మీద కూర్చున్నాడు. ఎన్నికల పగలకు భయపడి నెల నుంచీ ఆయన ఆ ఇనుప గేటు దాటింది లేదు. కూర్చుని పది నిమిషాలైనా కాకముందే జీపు వచ్చి ఆగింది. నాలుగు బాంబులు పడ్డాయి. బుధవారం మండలాధ్యక్ష పదవికి నామినేషన్ వేయాల్సిన మనిషిని మంగళవారమే మట్టి చేశారు.

ఆ లైను ఆగిన వేళకు సబ్‌స్టేషన్‌లో డ్యూటీలో ఉన్న ఆపరేటర్ దేవపాలు.

"వాణ్నేం అడుగుతావు?" పెరటి తలుపు దగ్గర బియ్యం ఏరుతున్న గంగమ్మ చేట పక్కన పెట్టింది. "నీ తమ్ముణ్ని అడుగు. పుల్లన్నకు పడని ఆ ప్రొద్దుటూరు పెద్దాయన జీపు తోలేది వాడు గదా. సోమారం నుంచి మనిషి కండ్లబడకుండా యాడికి పాయ?"

"దాసయ్య సంగతి నాకేం తెలుసత్తా?"

"నీకు తెలీకపోతే ఎవరికి తెలుస్తాది? నా కొడుకు పద్నాలుగేండ్లు ఆ సబ్‌స్టేషన్లో చేసినాడు. ఒక్కరితో మాట పడలే. నీ తమ్ముడు ఆ పార్టీలో చేరి ఆర్నెల్లు కాలేదు, మన వాకిట్లోకి పాలామె గూడా రాకపాయ."

"పాలామె రాకపోతే నా తమ్ముడిదా తప్పు?"

"మరి ఎవరిది? నాదా?"

రత్నమణి చెయ్యి జాకెట్ మీదికి పోయింది. నిన్న సాయంత్రం తను పాఠాలు చెప్పే మిషన్ స్కూలు నుంచి వచ్చిన చీటీ ఆమె జాకెట్లోనే ఉంది. పరిస్థితులు చక్కబడేదాకా బడికి రావద్దని హెడ్మిస్ట్రెస్ రాసింది. పుల్లన్న కూతురు ఆమె పాఠం చెప్పే తరగతిలోనే చదువుతోంది. చీటీ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

వాకిట్లో మోటారుసైకిలు ఆగింది. బాలన్న మనిషి కుళ్లాయప్ప. బాలన్న పుల్లన్నకు అన్న. తమ్ముడు పోయాక ఆ ఇంటికీ, మిల్లుకూ, పార్టీకీ ఆయనే దిక్కు. కుళ్లాయప్ప చెప్పులు విడవకుండానే నడవాలోకి వచ్చాడు. గంగమ్మ చాప పరవబోయింది. అతను చేత్తో వద్దన్నాడు.

"నాలుగ్గంటలకు బాలన్న మిల్లు కాడికి రమ్మన్యాడు. ఆ పొద్దు మీరు రాసిన రిజిస్టర్ గూడా తీసుకోని రావాల."

"రిజిస్టర్ ప్రొద్దుటూరులో ఇంజనీరు కాడ ఉండాది," అన్నాడు దేవపాలు. "నా జోడీ అలీ అహ్మద్ కాపీ తెస్తానని తనే పొయినాడు. మధ్యాన్నానికి వస్తాడు."

"వస్తే మంచిది."

"రాకపోతే?" రత్నమణి అడిగింది.

కుళ్లాయప్ప ఆమె వైపు తిరిగాడు. మర్యాదగానే మాట్లాడాడు. "రాకపోతే మేమే వస్తాం టీచరమ్మా. అప్పుడు రిజిస్టర్‌తో పని ఉండదు."

మోటారుసైకిలు చప్పుడు సందు దాటిపోయింది. గంగమ్మ చేటను ఒళ్లోకి తీసుకుంది గానీ బియ్యం మీద చెయ్యి పెట్టలేదు.

"నేనూ వస్తా," అంది రత్నమణి.

"నువ్వెందుకు?"

"రిజిస్టర్ ఇంగ్లీషులో రాస్తారు గదా. చదివి చెప్పేవాళ్లు ఆడ ఎవరుండారు?"

"వద్దంటాండా! ఇంట్లో ఉండు!"

పదకొండేళ్ల కాపురంలో దేవపాలు ఆమె మీద అంత గట్టిగా అరిచింది ఎప్పుడూ లేదు. అరిచి, తనే ఉలిక్కిపడ్డట్టు చూశాడు. రత్నమణికి కోపం రాలేదు. భయం వేసింది. స్విచ్చి దించనివాడు రిజిస్టర్‌కు ఎందుకు భయపడాలి?

నాలుగ్గంటలకు ఆమె అతని వెనకే నడిచింది. దారి పొడవునా ఇద్దరి మధ్యా పది అడుగుల ఎడం ఉంది.

* * *

మిల్లు గేటు రేకుకు బాంబు పెంకులు చేసిన బొక్కలు అలాగే ఉన్నాయి. అరుగు కడిగారు. కడిగిన చోటు తక్కిన అరుగు కంటే తెల్లగా కనబడుతోంది. దాని పక్కనుంచి నడిచేటప్పుడు రత్నమణి చూపు అటు పోనివ్వకుండా ఉండలేకపోయింది.

లోపల ఆఫీసు గదిలో బాలన్న నులక మంచం మీద కూర్చున్నాడు. గడ్డం గీసుకోలేదు. చుట్టూ ఏడెనిమిది మంది నిలబడి ఉన్నారు. మూలన గోడకు ఆనుకుని పుల్లన్న భార్య చిన్నసుబ్బమ్మ. మిల్లు వెనకే వాళ్ల ఇల్లు. ఆడవాళ్లు వద్దంటున్నా వినకుండా ఆమె వచ్చి కూర్చుంది. పదో రోజు దాకా తీయకుండా ఉంచే గాజులు ఇంకా చేతుల్లోనే ఉన్నాయి.

అలీ అహ్మద్ అప్పటికే వచ్చి ఉన్నాడు. సబ్‌స్టేషన్‌లో దేవపాలుకు తొమ్మిదేళ్లుగా జోడీ. ప్రొద్దుటూరు నుంచి బస్సులో నిలబడి వచ్చిన అలసట ముఖంలో ఉంది. చేతిలో నాలుగు కాగితాలు, ఇంజనీరు సంతకంతో.

"అన్నా, తెచ్చినా," అన్నాడు దేవపాలుతో. "ఇయ్యనంటే ఇయ్యననిరి. రెండు గంటలు కూచ్చుంటి."

దేవపాలు తల ఊపాడు. థాంక్స్ కూడా చెప్పలేదు.

"కూర్చోమని నేననను," అన్నాడు బాలన్న. "నిలబడే చెప్పు. కరెంటు ఎందుకు తీసినావు?"

"నేను తియ్యలేదప్పా. అదే పాయ."

"నా తమ్ముడు బయటికొచ్చే వేళకు అదే పాయనా?"

"మా కాడ కరెంటు పుట్టదప్పా. యాడో పుట్టింది మా కాడికి వస్తాది. మేము పంచుతాం. ఆ పొద్దు పుట్టే కాడే ఆగిపాయ."

"యాడ?"

"సముద్రం ఒడ్డున ఒక అణుకేంద్రం ఉండాది. దాంట్లో ఒక యూనిట్ ఆగిపాయ."

మంచం వెనక నిలబడ్డ వాళ్లలో ఎవరో ఛీత్కారంగా నవ్వారు. బాలన్న నవ్వలేదు.

"సముద్రం ఒడ్డున ఏదో ఆగితే జమ్మలమడుగులో మా మిల్లు ఆగుతాదా? ఏమప్పా దేవపాలూ, మేము గొర్లు కాసిన వాళ్లమే, కాదన్ల్యా. అంత మాత్రాన ఏం చెప్పినా నమ్ముతామనుకుంటివా?"

"నమ్మద్దు. విను. విని తప్పుంటే అడుగు." దేవపాలు గుమ్మం వైపు ఒకసారి చూశాడు. అయినా పని సంగతి మాట్లాడేటప్పటికి అతని నిలబడే తీరు కొంచెం మారింది. "ఆడ యురేనియం అనే లోహాన్ని గొట్టాల్లో పెట్టింటారు. దాని అణువులు పగిలితే వేడి పుడతాది. కట్టెల్లేవు, బొగ్గు లేదు, ఉత్త వేడి. ఆ వేడికి నీళ్లు ఆవిరయితాయి. ఆవిరి జోరుకు టర్బైన్ అని పెద్ద చక్రం తిరుగుతాది. దానికి జెనరేటర్ బిగించింటారు. అది తిరిగితే కరెంటు."

"అణుబాంబులో ఉండేది గూడా అదేనంట గదా?" కుళ్లాయప్ప అడిగాడు.

"దాంట్లో ఒక్కసారే పగుల్తాది. ఈడ కొంచెం కొంచెం పగలనిస్తారు. ఎక్కువైతే ఆపేస్తారు."

బాంబు అన్న మాటకు చిన్నసుబ్బమ్మ గాజులు చప్పుడయ్యాయి. గదిలో అందరూ ఒక్క క్షణం నేల చూశారు.

"ఊ. పుట్టింది. ఈడికెట్ల వచ్చ?"

"పుట్టిందాన్ని ట్రాన్స్‌ఫార్మర్‌తో రెండు లక్షల ఇరవై వేల వోల్టులకు పెంచుతారు. అంత పెంచితేనే దావలో ఎక్కువ నష్టం కాకుండా వందల మైళ్లు పోతాది. పెద్ద టవర్ల మీద వచ్చే వైర్లు అవే. నాలుగు రాష్ట్రాల వైర్లన్నీ ఒకదానితో ఒకటి కలిపినారు. దాన్ని గ్రిడ్ అంటారు. నీళ్ల కేంద్రాలు, బొగ్గు కేంద్రాలు, ఆ అణుకేంద్రం, అన్నీ దాంట్లోకే ఇస్తాయి. ఊర్లన్నీ దాంట్లోంచే తీసుకుంటాయి. మా సబ్‌స్టేషన్‌కు వచ్చినాక వోల్టేజీ తగ్గించి మీకు పంపిస్తాం."

"అయితే ఒకటి ఆగితే ఇంకోటి ఇయ్యల్ల గదా."

"ఆడే ఉండాది కష్టం. కరెంటును దాచిపెట్టేదానికి కాదప్పా. ఏ నిమిషంలో ఎంత వాడుతామో ఆ నిమిషంలో అంత పుట్టాల. నాలుగు రాష్ట్రాల్లో ఉండే జెనరేటర్లన్నీ కలిసి ఒకే వేగంతో తిరగాల. కరెంటు సెకనుకు యాభై సార్లు ఊగాల, దాన్ని యాభై సైకిళ్లంటారు. వాడకం ఎక్కువై, పుట్టేది తక్కువైతే అన్నీ ఒక్కసారే నెమ్మదిస్తాయి. ఇప్పుడు ఎండలు, బోర్లన్నీ ఆడుతాండాయి. ఆ పొద్దు ముందే నలభై ఎనిమిదీ ముప్పావు కాడ ఉండాది. దాని మీద ఆ యూనిట్ ఆగి రెండు వందల మెగావాట్లు ఒక్క దెబ్బకు లేకుండా పాయ. సైకిళ్లు ఇంకా దిగినాయి. అట్లనే దిగనిస్తే తక్కిన కేంద్రాలు గూడా ఒకదాని ఎనక ఒకటి ఆగిపోతాయి. మద్రాసు, బెంగుళూరు, హైద్రాబాదు, అంతా పోతాది."

"అందుకని మాది తీసినావు."

"నేను కాదు. దానికని రిలే అని ఒకటి గోడకు బిగించినారు. సైకిళ్లు ఇంతకంటే దిగితే అదే కొన్ని లైన్లు కోసేస్తాది. వాడకం తగ్గించి తక్కినవి నిలబెట్టేదానికి. మనిషి చెయ్యి పెట్టే పని లేదు. నేను కుర్చీలోంచి లేసే లోపల బ్రేకర్, అదే లైను స్విచ్చి, దానంతట అదే పడిపాయ. అలీ ఆన్నే ఉండాడు, అడుగు."

"అవునప్పా," అన్నాడు అలీ అహ్మద్. "ఖుదా సాక్షి. అన్న స్విచ్చి కాడికి గూడా పోలే."

బాలన్న మంచం మీద ముందుకు వంగాడు.

"కొన్ని లైన్లు అంటివి. మా మిల్లు లైనే ఎందుకు పాయ? ప్రొద్దుటూరు లైను ఎందుకు పోలే?"

"ముందు ఏది కోయాల, తర్వాత ఏది కోయాల అని జాబితా ఉంటాది. ప్రొద్దుటూరు లైన్లో ఆసుపత్రి ఉండాది, తాగునీళ్లుండాయి. మీది మొదటి వరసలో పెట్టినారు."

"పెట్టినోడెవడు?"

"పై ఆఫీసు."

"పై ఆఫీసుకు చెప్పి పెట్టించినోడెవడు?"

"నాకు తెలీదప్పా."

"మాకు తెలుసు," అన్నాడు బాలన్న. "సరే. ఆ కాగితాలు చదవండి. ఎవరు చదువుతారు?"

ఎవరూ ముందుకు రాలేదు. మూల నుంచి చిన్నసుబ్బమ్మ మాట్లాడింది. మూడు రోజులు ఏడ్చిన గొంతు బొంగురుపోయి ఉంది.

"ఆ టీచరమ్మను చదవమను బావా. మా పాపకు అక్షరాలు నేర్పింది ఆయమ్మే."

"వాని పెండ్లామమ్మా అది!"

"కుళ్లాయప్ప పక్కన నిలబడి చూడనీ. అంకెలు చదివేదానికొస్తాది గదా వానికి. తప్పు చదివితే తెలుస్తాది."

రత్నమణి కాగితాలు అందుకుంది. రెండో కాగితంలో అసలు సంగతి ఉంది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పుకుంటూ పోయింది. పదకొండు నలభై రెండు: సైకిళ్లు తగ్గినందువల్ల రిలే పనిచేసి మిల్లు లైను తెగింది. పదకొండు నలభై నాలుగు: అణుకేంద్రం రెండో యూనిట్ ఆగినట్టు గ్రిడ్ చూసుకునే లోడ్ ఆఫీసు నుంచి ఫోను. పన్నెండు ఇరవై: లోడ్ ఆఫీసు అనుమతితో లైను మళ్లీ కలిపారు.

కుళ్లాయప్ప అంకెల మీద వేలు పెట్టి చూస్తూ తల ఊపాడు. గదిలో బిగిసిన భుజాలు కొంచెం సడలాయి. దేవపాలు మాట నిజమే అన్నట్టు ఇద్దరు ముగ్గురు ఒకరినొకరు చూసుకున్నారు.

"మొదట్నుంచి చదువు," అన్నాడు బాలన్న.

"అంతకుముందు ఏం లేదప్పా, రోజూ రాసేవే," అన్నాడు దేవపాలు. తొందరగా అన్నాడు.

ఆ తొందర రత్నమణికి వినబడింది. బాలన్నకూ వినబడింది.

"చదువమ్మా."

మొదటి కాగితం పైకి తీసింది. ఆరు గంటలకు డ్యూటీ మారడం. గంట గంటకూ వోల్టేజీలు. పది ముప్పై ఐదు దగ్గర ఆమె గొంతు ఆగింది. ఆ వాక్యం దాటేసి కిందికి పోవచ్చు. కుళ్లాయప్పకు అంకెలే గానీ ఇంగ్లీషు రాదు. ఎదురుగా చిన్నసుబ్బమ్మ మోకాళ్లు పట్టుకుని, ఆమె పెదవులనే చూస్తోంది.

"పది ముప్పై ఐదు," రత్నమణి చదివింది. "లోడ్ ఆఫీసు నుంచి ఫోను. అణుకేంద్రం రెండో యూనిట్‌కు ఆవిరి వైపు ఇబ్బంది. లోడ్ తగ్గిస్తున్నారు. ఎప్పుడైనా ఆగిపోవచ్చు. ఆగితే మొదటి వరస లైన్లు తెగుతాయి. సిద్ధంగా ఉండాల."

కుళ్లాయప్ప కాగితం మీదినుంచి వేలు తీసేశాడు. మిల్లు ఆవరణలో ఎవరిదో మేక అరిచింది.

బాలన్న మంచం దిగాడు.

"గంట ముందే నీకు తెలుసు. మా మిల్లు కరెంటు పోతాదని నీకు ముందే తెలుసు."

"తెలుసు. అది మాకు మామూలే. వారంలో రెండు తూర్లు అట్లాంటి ఫోన్లొస్తాయి."

"ఎవరికి చెప్పినావు?"

"ఎవరికీ చెప్పలే."

రత్నమణి ఆ వాక్యం వైపే మళ్లీ చూసింది. సోమవారం బడికి సెలవు పెట్టి, పదిన్నరకు తన చేతులతో సర్దిన అన్నం క్యారియర్ ఆమె కళ్ల ముందుకొచ్చింది. జొన్నరొట్టెలు, వంకాయ కూర. ఆలస్యమైందని దాసయ్య చేతికిచ్చి పంపింది. బావకు ఇచ్చిరా అని. మూడు రోజులుగా భర్త తన ముఖం ఎందుకు చూడటం లేదో ఆమెకు అప్పుడు తెలిసింది.

"ఎవరికీ చెప్పలేదంటావు," బాలన్న నెమ్మదిగా అన్నాడు. "ఆ గదిలో ఉండింది ఇద్దరు. నువ్వు చెప్పలేదంటే వీడు చెప్పినాడు."

కుళ్లాయప్ప చెయ్యి అప్పటికే అలీ అహ్మద్ చొక్కా మీద పడింది.

"నేనా? నేనెవరికి చెప్తానప్పా? నాకు ఏ పార్టీ?"

"ఈ పొద్దు ప్రొద్దుటూరు పోయొస్తివే. ఎవరిని కలిసినావు?"

"ఈ కాగితాలకు పోతి! మీకు చూపించేదానికే పోతి!"

ఎవరో వెనక నుంచి అలీ అహ్మద్ మెడ మీద కొట్టారు. అతను మోకాళ్ల మీద పడ్డాడు. పడి, దేవపాలు వైపు చూశాడు. సోమవారం సబ్‌స్టేషన్‌కు ఎవరొచ్చారో అతనికి తెలుసు. వచ్చినవానికి కూజాలోంచి నీళ్లు వంచి ఇచ్చింది అతనే. ఆ పేరు చెబితే వదిలేస్తారు. అయినా అతను చెప్పలేదు. చెప్పాల్సినవాని కోసం చూశాడు.

దేవపాలు తన బూట్ల వైపు చూశాడు.

రెండో దెబ్బ పడింది.

"నా తమ్ముడొచ్చినాడు!" రత్నమణి అరిచింది. "ఆయన్ని కొట్టొద్దండి. దాసయ్య పొయినాడు ఆ పొద్దు సబ్‌స్టేషన్‌కు. నేనే పంపించినా, అన్నం ఇచ్చిరమ్మని."

గది అంతా ఆమె వైపు తిరిగింది.

బాలన్న దేవపాలు దగ్గరికి వచ్చాడు. "నిజమా?"

"ఊరికే అడిగినాడప్పా." దేవపాలు గొంతులో ఇప్పుడు ఏడుపు ఉంది. "బావా, ఈ పొద్దు కరెంటు ఉంటాదా అన్నాడు. ఉండదురా, ఇంకో గంటలో మిల్లు లైను పోతాదేమో అంటి. నీళ్లు తాగి పాయ. అంతే. దాన్ని ఇట్ల వాడుకుంటారని నాకెట్ల తెలుస్తాది?"

"ఇందాక ఎవరికీ చెప్పలేదంటివే."

"బావమరిది గదా..."

"బావమరిది గాబట్టి ఈ సాయిబును సంపమంటివి."

దేవపాలు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. కుళ్లాయప్ప అలీ అహ్మద్‌ను వదిలేశాడు. అలీ అహ్మద్ లేచి, చిరిగిన చొక్కా జేబు సర్దుకుంటూ గోడ పక్కకు వెళ్లి నిలబడ్డాడు. దేవపాలు వైపు మళ్లీ చూడలేదు.

"యాడుండాడు వాడు?" బాలన్న రత్నమణిని అడిగాడు.

ఆమె కాగితాలు నాలుగూ మడత పెట్టింది.

"యాడుండాడమ్మా?"

"ఆయమ్మకు తెలీదు," అన్నాడు దేవపాలు.

"తెలుసు," అంది రత్నమణి.

దేవపాలు చేతులు దించి ఆమెను చూశాడు. మూడు రోజుల తర్వాత అప్పుడు చూశాడు.

"నువ్వు దాచినావా వాణ్ని? నాతో చెప్పకుండా?"

"నువ్వు నాతో చెప్పినావా?"

అతను గోడ వైపు తిరిగాడు.

"సోమారం మధ్యాన్నం వచ్చి నా కాళ్లు పట్టుకున్యాడు," ఆమె బాలన్నతో అంది. "నన్ను చంపుతారక్కా, ఏం అడగొద్దు అన్యాడు. నేను అడగలే. ఏం చేసినాడో నాకు ఇప్పుడు ఈ కాగితం చదివినాకనే తెలిసింది. కానీ యాడుండాడో చెప్పను. చెప్తే మీరు చంపుతారు."

"చెప్పకపోతే నీ మొగుడు ఈ గేటు దాటడు."

చిన్నసుబ్బమ్మ లేచింది. గోడ పట్టుకుని లేచి, మగవాళ్ల మధ్యనుంచి నడిచి వచ్చి రత్నమణి ఎదుట నిలబడింది. ఇద్దరికీ మధ్య మూరెడు దూరం లేదు.

"నాకు చెప్పు."

"అక్కా..."

"నన్ను అక్కా అనొద్దు. నీ ఇంట్లో కూరాకు వండి పంపిస్తే నా ఇంట్లో పీనుగ లేచింది. నీ మీద నాకు జాలి లేదు. నీ తమ్ముని మీద అసలే లేదు. అయినా విను. ప్రొద్దుటూరు పెద్దాయనే చేయించినాడని ఈడ అందరికీ తెలుసు. కోర్టులో చెప్పే నోరు మాత్రం లేదు. ఆ జీపులో ఎవరెవరు కూర్చున్యారో, ఎవరు పొమ్మన్యారో నీ తమ్మునికి తెలుసు. వీళ్లు వాణ్ని చంపితే ఆ పేర్లు వానితోనే పోతాయి. నాకు ఇంకో పీనుగ వద్దు. సాక్షి కావాల."

"సుబ్బమ్మా, నువ్వు లోపలికి పో," అన్నాడు బాలన్న.

ఆమె వినలేదు. "బతికుండే మనిషిని పోలీస్ స్టేషన్లో అప్పజెప్తావా? నా ఎదురుగా చెప్తాడా వాడు?"

రత్నమణి ఆ కళ్లలోకి చూసింది. అక్కడ కనికరం వెతికితే దొరకలేదు. అబద్ధం కూడా లేదు.

"పులివెందులలో ఉండాడు," అంది. "మా చిన్నమ్మ ఇంట్లో. చర్చి ఎనక సందు."

చిన్నగానే అంది. అయినా అందరికీ వినబడింది. బాలన్న కనుసైగ చేసి కుళ్లాయప్పను ఫోనున్న పక్క గదిలోకి తీసుకెళ్లాడు. రెండు నిమిషాలకు కుళ్లాయప్ప బయటికి పరుగెత్తాడు. జీపు స్టార్టయిన చప్పుడు వినబడింది.

"పట్టుకొచ్చేదానికే పోతాండారు," ఎవరో అన్నారు. ఆ అన్నవాడు ఆ మాట నమ్మినట్టు లేడు.

చిన్నసుబ్బమ్మ పైట తల మీదికి లాక్కుంది. "పా. ఐదు గంటల బస్సు ఉండాది."

"పది దినాలు కాలేదు వదినా! ఇప్పుడు గడప దాటితే జనం ఏమంటారు?" తలుపు దగ్గరున్న వాడు అడ్డం వచ్చాడు.

"అననీ. దావ ఇడువు."

అతను తప్పుకున్నాడు.

రత్నమణి ఆమె వెంట కదులుతుంటే దేవపాలు అలీ అహ్మద్ దగ్గరికి వెళ్లడం కనబడింది. "అలీ, సబ్‌స్టేషన్‌కు పో. మన లైను ఫోన్లో పులివెందుల సబ్‌స్టేషన్ వాళ్లతో మాట్లాడు. పోలీసులకు చెప్పమను. నన్ను వీళ్లు ఇడ్సరు."

అలీ అహ్మద్ అతని వైపు చూడకుండానే అన్నాడు. "నన్ను అడిగేదానికి నీకు నోరెట్ల వచ్చిందన్నా?"

సైకిలు తీసుకుని గేటు దాటాడు. సబ్‌స్టేషన్ దారి పట్టాడో, ఇంటి దారి పట్టాడో రత్నమణికి తెలియలేదు.

* * *

పులివెందుల బస్సులో ఆడవాళ్ల సీటు ఒకటే ఖాళీగా ఉంది. ఇద్దరూ పక్కపక్కనే కూర్చోవాల్సి వచ్చింది. చిన్నసుబ్బమ్మ కిటికీ వైపు ముఖం తిప్పుకుంది. ఎవరో గుర్తుపట్టారు. బస్సంతా గుసగుసలు పోయాయి.  కండక్టరు టికెట్టుకు డబ్బు తీసుకోవడానికే జంకాడు.

"వాడు నాతో చెప్తాడు," రత్నమణి అంది. "నేను చెప్పమంటే చెప్తాడు."

"చెప్పకపోతే?"

"చెప్పిస్తా."

"నీ బిడ్డలెందరు?"

"లేరు."

"నాకు ఒక్కతే. రేపు నువ్వు బడికి పోతే దానికి ఎదురుపడి ఏం చెప్తావు?"

రత్నమణి జాకెట్లోని చీటీ తడిమి చూసుకుంది. చిన్నసుబ్బమ్మ జవాబు కోసం అడిగినట్టు లేదు.

ముద్దనూరు రైలు గేటు దగ్గర బస్సు ఆగింది. గేటు పడి చాలాసేపయినట్టుంది. గూడ్సు బండి నెమ్మదిగా పోతోంది. బస్సుకు ముందు రెండు లారీలు. లారీల ముందు, సరిగ్గా గేటు కడ్డీ ఎదుట, కుళ్లాయప్ప జీపు.

చిన్నసుబ్బమ్మ దాన్ని చూసింది. కండక్టరు వారిస్తున్నా దిగింది. రత్నమణి వెనకే దిగింది. లారీల పక్కనుంచి చిన్నసుబ్బమ్మ పరుగులాంటి నడకతో పోయి, జీపు ముందర, గేటుకూ బంపరుకూ మధ్య ఉన్న మూరెడు సందులో దూరి, తారు రోడ్డు మీద కూర్చుంది.

"వదినా! ఏంది వదినా ఇది, లెయ్యి!" కుళ్లాయప్ప జీపులోంచి దూకాడు.

"నా మీద పోనీ. నా మీదనుంచి పోయి సంపుకోండి వాణ్ని."

గూడ్సు బండి చివరి పెట్టె దాటింది. గేటు కిర్రుమంటూ పైకి లేచింది. వెనక లారీలు హారన్లు మోగించాయి. రత్నమణి వచ్చి చిన్నసుబ్బమ్మ పక్కన రోడ్డు మీద కూర్చుంది.  చిన్నసుబ్బమ్మ ఆమె వైపు చూడకుండానే, తన పక్కన చోటు చేస్తూ కొంచెం జరిగింది.

కుళ్లాయప్ప నెత్తి మీది రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. జీపులో ఉన్న నలుగురి వైపు చూశాడు. ఇంజన్ ఆపమని సైగ చేశాడు. తర్వాత చిన్నసుబ్బమ్మ ఎదుట గొంతుక్కూర్చున్నాడు. పొద్దుట రత్నమణి ఇంట్లో బెదిరించి పోయిన మనిషి గొంతులో ఇప్పుడు ఆ బిరుసు లేదు.

"వదినా, నీ మీద ఒట్టు, మేము ఈన్నే ఆగిపోతాం. పులివెందుల పోము. కానీ..."

"కానీ ఏంది?"

"బాలన్న మిల్లులోంచే ఫోన్ చేసినాడు వదినా. ప్రొద్దుటూరులో ఉండే మనోళ్ల ఇంకో జీపు వేంపల్లె మీద అప్పుడే బయలెల్లిపాయ. ఈ పాటికి పులివెందుల చేరింటాది."